ఇంకా, ఇక

మొన్న సోమవారం పొద్దున్న పదకొండూ ఇరవైకి బ్యాంకులో కంప్యూటరు ఆగిపోయింది. ఆగిపోయిందని నేననడం సరికాదేమో, తెరమీద చిన్న చక్రం ఒకటి తిరుగుతూనే ఉంది. నవంబరు వచ్చిందంటే మనలాంటి పింఛనుదార్లందరం బ్యాంకుకి వెళ్లి, బతికే ఉన్నామని వేలిముద్ర వేసి రావాలి కదా, ఆ పని మీద వెళ్లాను. కౌంటరులో కూర్చున్న అమ్మాయి నా వేలు చిన్న అద్దం మీద పెట్టించి, "తిరుగుతోందండీ, ఒక్క నిమిషం" అంది. నిమిషం అయింది, ఇంకొన్ని నిమిషాలు అయ్యాయి. నా వెనక వరసలో కర్ర పట్టుకుని నిలబడ్డ పెద్దాయన, "ఏమ్మా, ఇంతకీ మేం ఉన్నట్టా లేనట్టా?" అని అడిగితే అందరం నవ్వాం. కాసేపటికి ఆ అమ్మాయి, "ఇది ఇక రాదు మేడమ్" అని మీట నొక్కి యంత్రాన్ని ఆపేసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

ఇక రాదని ఆ అమ్మాయికి ఎలా తెలిసిందా అనిపించింది నాకు. ఇంకో నిమిషం ఆగితే వచ్చేదేమో. సాయంత్రందాకా కూర్చున్నా వచ్చేది కాదేమో. అడగలేదు. వెనక జనం ఉన్నారు, పైగా ముసలివాళ్లు కౌంటరు దగ్గర ప్రశ్నలు వేస్తే ఎవరికీ నచ్చదు. ఇంటికి నడిచి వస్తుంటే దారిపొడుగునా ఆ రెండు మాటలే మనసులో మెదిలాయి. ఇంకా రాలేదు. ఇక రాదు. మనం రోజూ ఒకదాని బదులు ఒకటి వాడేసే ఈ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో నాకు చెప్పినవాడు మా తమ్ముడు. వాడు పోయి యాభై ఏళ్లు దాటింది. వాడి గురించి ఉన్నది ఉన్నట్టు రాయగలనన్న నమ్మకం ఇన్నాళ్లూ కలగలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా లేదు గాని, నాకూ వయసు అయిపోతోంది.

మా నాన్నగారు దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో పుట్టారు. వాళ్లింట్లో చదువుకున్న మొదటి మనిషి ఆయన. పాదిరిగారి బడిలో అక్షరాలు నేర్చుకుని, బందరు వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుని, చివరికి బందరులోనే హైస్కూల్లో లెక్కల మాస్టారయ్యారు. అమ్మది గుడివాడ. మేం ముగ్గురం పిల్లలం, అక్కయ్య, నేను, నా తర్వాత రెండేళ్లకి తమ్ముడు. అక్కయ్య పెళ్లయి బొంబాయి వెళ్లింది. బావగారు అక్కడ ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. ఆ సంస్థలో ఒక హాలు నిండా పట్టేంత లెక్కల యంత్రం ఉండేది. కంప్యూటరు అన్న మాట అప్పటికి బందరులో ఎవరి నోటా నేను వినలేదు. అమ్మ దాన్ని అల్లుడుగారి మిషను అనేది. చర్చిలో పక్కన కూర్చున్న ఆడవాళ్లు, పాపం, బావగారు బొంబాయిలో బట్టలు కుడతారని చాలాకాలం అనుకున్నారు.

తమ్ముడికి హైస్కూల్లో ఉండగా మూర్ఛలు మొదలయ్యాయి. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. అది వచ్చింది అనేవాళ్లం, అది తగ్గింది అనేవాళ్లం. అది వచ్చినప్పుడు చేతిలో ఇనుపవస్తువు పెడితే తగ్గుతుందని మనవైపు ఒక నమ్మకం ఉండేది, మీలో చాలామంది చూసే ఉంటారు. అందుకే అమ్మ నడుముకి తాళంచెవుల గుత్తి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. తాళాల వల్ల ఏమీ కాదనీ, పక్కకి తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉంటే దానంతట అదే ఆగుతుందనీ ఆస్పత్రిలో డాక్టరమ్మగారు ఎన్నోసార్లు చెప్పారు. అమ్మ శ్రద్ధగా వినేది, తల ఊపేది, అది వచ్చినప్పుడు మాత్రం తాళాలే పెట్టేది. పెట్టిన ప్రతిసారీ ఆగింది గనక తాళాల వల్లే ఆగిందని ఆమె లెక్క. కాదని చూపించాలంటే ఒకసారి పెట్టకుండా చూడాలి, అంత ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఎన్నిసార్లు చూసినా, అది ఆగేదాకా ఉండే ఆ కాస్సేపూ, ఈసారి ఆగుతుందా అన్న భయం మాకు కొత్తగానే ఉండేది.

వాడు బి.ఎస్సీ. బందరులోనే పూర్తిచేశాడు. ఆ తర్వాత ఎక్కడికీ పంపలేదు. సైకిలు వద్దు, కాలవలో స్నానం వద్దు, ఒక్కడూ బయటికి వెళ్లవద్దు. నేను గుడివాడ కాలేజీలో లెక్కల ట్యూటరుగా చేరి రోజూ పొద్దున్నే రైలెక్కి, పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటుకుంటూ వెళ్లి, సాయంత్రం అదే దారిన తిరిగొచ్చేదాన్ని. వాడు ఇంట్లో ఉండేవాడు. నాకంటే వాడికే లెక్కలు బాగా వచ్చని మా ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి వాడు ఒక్కసారి కూడా నోటితో అనలేదు. నేను చెప్పబోయే పాఠాలు ముందురోజు వాడి దగ్గర ఒకసారి చెప్పి చూసుకునేదాన్ని, ఎక్కడ తడబడ్డానో చెప్పేవాడు.

ఒక వేసవిలో బావగారు సెలవు మీద వచ్చారు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఆ యంత్రం సంగతులు చెప్పారు. దానికి పని చెప్పాలంటే వరుసలు వరుసలుగా ఆజ్ఞలు రాసివ్వాలట. ఫలానా గడిలో ఉన్న అంకెని ఫలానా గడిలో ఉన్నదానికి కలుపు, వచ్చింది సున్నా అయితే పైన ఫలానా వరుసకి తిరిగి వెళ్లు, కాకపోతే కింది వరుసకి వెళ్లు, ఆగు. ఇంతకుమించి దానికి భాష లేదు. యంత్రం ఒక్కటే, దానికోసం కాచుకుని కూర్చున్న శాస్త్రజ్ఞులు ఎందరో. ఆజ్ఞలు రాయడంలో ఎవరైనా చిన్న పొరపాటు చేస్తే యంత్రం ఆ వరుసల్లోనే తిరుగుతూ ఉండిపోయేది, తక్కినవాళ్ల వంతు పోయేది. అందుకని యంత్రానికి ఇచ్చేముందు ఒక మనిషి కాగితం ముందు కూర్చుని, తానే యంత్రమైనట్టు, ఒక్కో వరుసా చేత్తో నడిపి చూడాలి. ఆ పనంటే అక్కడ అందరికీ విసుగట.

తమ్ముడు, "నాకు పంపించండి బావా, నేను నడుపుతాను" అన్నాడు.

"మిషను ఎప్పుడైనా చూశావుట్రా?"

"అది మాత్రం నన్ను చూసిందా?"

బావగారు నవ్వారు గాని, బొంబాయి వెళ్లాక నిజంగానే పంపారు. అప్పటినుంచి నెలకో రెండు నెలలకో ఒక లావుపాటి కవరు వచ్చేది. వాడు కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, బొంబాయిలో ఉన్న యంత్రం ఏం చేస్తుందో బందరులో చేసి చూపించేవాడు. మొదట్లో గడుల్లో అంకెలు మారుతూ ఉంటాయని పలక వాడాడు. ఒకరోజు పని మధ్యలో అది వచ్చి పలక మీదికే ఒరిగిపోయాడు, గడులన్నీ చెరిగిపోయాయి. లేచాక వాడికి ఎక్కడిదాకా వచ్చాడో గుర్తులేదు. ఆ గంట ఎప్పుడూ వాడికి గుర్తుండేది కాదు. ఆ తర్వాత పలక మానేసి కాగితం మీద చేయడం మొదలుపెట్టాడు. పాత అంకెని గీత కొట్టి పక్కన కొత్తది రాసేవాడు, ఏ వరుసలో ఉన్నాడో అంచున వేసుకునేవాడు. ఇలా రాసిపెడితే ఎవరైనా సరే, మొదటినుంచీ ఏం జరిగిందో తెలియకపోయినా, ఉన్నచోటినుంచి ముందుకు నడపవచ్చని నాకు చూపించాడు. యంత్రానికి గతంతో పని లేదక్కా, ఇప్పుడు గడుల్లో ఏముందో, ఏ వరుసలో ఉన్నామో, ఆ రెండూ చాలు అనేవాడు. వాడికి బాగాలేని రోజుల్లో సాయంత్రం కాలేజీనుంచి వచ్చి నేను నడిపేదాన్ని. లేచి వచ్చి నా అంకెల పక్కనుంచే వాడు అందుకునేవాడు. ఆ కాగితాల మీద వాడు ఎక్కడ పడిపోయాడో ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క చేతిరాత మారేది, అంతే.

ఒకసారి బావగారు ఏడిపించడానికి ఒక చిన్న కాగితం పంపారు. ఒక బేసి సంఖ్య తీసుకుని, దాన్ని నిశ్శేషంగా భాగించే, దానికంటే చిన్నవైన సంఖ్యలన్నీ కూడు. మొత్తం ఆ సంఖ్యే వస్తే ఆగు, రాకపోతే తర్వాతి బేసి సంఖ్యకి వెళ్లు. సరిసంఖ్యల్లో ఆరు అలాంటిది, ఒకటీ రెండూ మూడూ కూడితే ఆరే వస్తుంది. బేసివాటిలో అలాంటిది ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఇవాళ్టికీ తెలియదు. తమ్ముడు అది నడుపుతూ పోయాడు. నాన్నగారు బడికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "ఆగిందిట్రా?" అని అడిగేవారు. "ఇంకా లేదండీ" అనేవాడు. ఎన్నో రోజులు ఈ ప్రశ్నా, ఈ జవాబూ నడిచాయి. ఒకరోజు నాన్నగారు, "ఇంకా లేదు, ఇంకా లేదు అంటావు, ఇక ఆగదని రాసి పంపెయ్యరాదూ?" అన్నారు. అప్పుడు వాడు కలం కింద పెట్టి, "ఇంకా ఆగలేదని నేను కళ్లారా చూసి చెప్పగలను నాన్నగారూ. ఇక ఆగదని చెప్పాలంటే చూడడం చాలదు" అన్నాడు.

తర్వాత నాకు వివరంగా చెప్పాడు. కొన్ని సందర్భాల్లో ఇక అన్న మాట అనవచ్చు. అదే వరుసకి వచ్చినప్పుడు గడులన్నిటిలోనూ మునుపటి అంకెలే ఉన్నాయనుకో, యంత్రం ముందు చేసిందే మళ్లీ చేస్తుంది, అది ఇక ఆగదు. కాని అంకెలు పెరుగుతూ, మారుతూ పోతుంటే నడపడం తప్ప దారి లేదు. నడిపితే, ఆగినప్పుడు ఆగిందని తెలుస్తుంది. ఆగనంతకాలం, ఇంకానా ఇకనా అన్నది తెలియదు. ఏ ఆజ్ఞల కాగితమిచ్చినా, ఇది ఆగుతుంది, ఇది ఆగదు అని ముందే తేల్చిచెప్పే పద్ధతి ఒకటి కనిపెట్టవచ్చు కదా అన్నాను. అలాంటి పద్ధతి ఉండడానికి వీల్లేదని ఇదివరకే ఋజువైందని చెప్పి, బావగారు టైపు చేయించి పంపిన కాగితాలు చూపించాడు. నాకు మొదటిసారి అర్థం కాలేదు. అర్థమైంది గుడివాడలో, మా మావయ్య ఇంట్లో.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు, రైసుమిల్లులో ఫిట్టరు. మంచివాడే గాని పరమ పెడసరం. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం వాళ్ల వసారాలో కూర్చుని తాటిముంజలు తింటున్నాం. అత్తయ్య, ఇక చాలు, కడుపునొప్పొస్తుంది అంటే మావయ్య ఇంకో కాయ లాక్కునేవాడు. సరే, ఉన్నవన్నీ మీరే తినండి అంటే చెయ్యి కడుక్కోవడానికి లేచేవాడు. తమ్ముడు చూసి చూసి అన్నాడు.

"అత్తయ్యా, ఎవరు ఎప్పుడు ఆపుతారో ముందే చెప్పగలిగిన జోస్యుడొకడు ఉన్నాడనుకో. వాడొచ్చి మావయ్య ముంజలు ఆపుతాడు అన్నాడు. అప్పుడు?"

"ఆపరు."

"ఆపడు అన్నాడు."

"ఇదిగో, ఇప్పుడే లేస్తారు చూడు."

"నేనెప్పుడే అలా చేశాను?" అన్నాడు మావయ్య.

"ఇప్పుడు చేస్తున్నదేంటి మరి?"

అందరం నవ్వాం. అత్తయ్య మాత్రం కాసేపు ఆలోచించి, "అయినా ఆ జోస్యుడు ఈయన మొహాన్నే ఎందుకు చెప్పాలిరా? నా చెవిలో చెప్పి పోతే సరిపోయె" అంది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. అసలు సంగతంతా అక్కడే ఉందన్నాడు. జోస్యుడు చెప్పే పద్ధతి ఏదైనా అది కూడా ఆజ్ఞల వరుసే కదా, దాన్నీ కాగితం మీద రాయవచ్చు. తను బందరులో కూర్చుని బొంబాయి మిషనులా నడిచినట్టే, ఒక ఆజ్ఞల కాగితం ఇంకో కాగితాన్ని తనలోనే నడుపుకోవచ్చు. కాబట్టి మావయ్య ఆ జోస్యుణ్ణి జేబులోనే వేసుకుని తిరుగుతాడు. నా సంగతేంటి అని వాణ్ణే అడుగుతాడు, వాడు ఆగుతావంటే ఆగడు, ఆగవంటే ఆగుతాడు. అలాంటి మావయ్య ఒక్కడున్నా చాలు, అందరి గురించీ సరిగ్గా చెప్పగలిగే జోస్యుడు ఉండడు. ఇదంతా విని మావయ్య, ఇంత గొప్పవాణ్ణని నాకే తెలియదు సుమా అని ఆఖరి ముంజ నోట్లో వేసుకున్నాడు. అంతకుముందు తమ్ముడు అంతగా నవ్వగా నేను చూడలేదు, తర్వాత కూడా తక్కువే.

ఆ ఏడాది డాక్టరమ్మగారు మాత్రలు మార్చారు. అది రావడం తగ్గింది, తర్వాత రావడం మానేసింది. నెలలు గడిచాయి, ఏడాది దాటింది. మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్నగారు, ఇంతవరకు కాపాడినందుకు స్తోత్రం అనేవారు. అమ్మ తన వంతు వచ్చినప్పుడు, ఇక రాకుండా చూడమని అడిగేది. ఇద్దరూ ఒక దేవుణ్ణే అడుగుతున్నారు గాని ఆయన ఒక మాట దగ్గరా, ఆమె ఒక మాట దగ్గరా నిలబడ్డారని నాకు అప్పుడే అనిపించేది.

అప్పుడు బావగారి దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆజ్ఞలు సరిచూసే పనికి ఒక మనిషిని తీసుకుంటున్నారనీ, తమ్ముడు నడిపిన కాగితాలు పెద్దవాళ్లకి చూపిస్తే వెంటనే రమ్మన్నారనీ. ఉండడం అక్కయ్య ఇంట్లోనే. వాడు ఆ సంగతి విని లేచి లోపలికి వెళ్లాడు. చొక్కా మార్చుకుని వచ్చి నాన్నగారి ఎదురుగా కూర్చున్నాడు. అడగడానికి అంతకంటే ఏం చేయాలో వాడికి తెలియలేదనుకుంటాను.

నాన్నగారు వాణ్ణీ నన్నూ తీసుకుని ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరమ్మగారిని ఒక్కటే అడిగారు, అది ఇక రాదని చెప్పగలరా అని. ఆవిడ చాలాసేపు కాగితాలు చూసి, "ఇంకా రాలేదని మాత్రం రాసివ్వగలను మాస్టారూ" అన్నారు. నాన్నగారు నమస్కారం పెట్టి లేచారు. ఇంటికి వచ్చాక, ఆవిడ ఇక రాదన్న రోజున పంపుతానని చెప్పారు.

నాన్నగారి మాటకి తమ్ముడు ఎదురుచెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొంతు పెంచలేదు. "ఆ మాట వచ్చేదాకా ఉండమంటే ఎప్పటికీ ఉండమనే నాన్నగారూ. వస్తే వచ్చిందని తెలుస్తుంది. రాకపోతే, ఎన్నేళ్లయినా ఇంకా రాలేదనే అంటాం. నాకు అరవై ఏళ్లొచ్చినా ఆవిడ అదే రాసిస్తారు" అన్నాడు. ఇది రోగం, లెక్క కాదన్నారు నాన్నగారు. వాడు, నిజమేనండీ, లెక్కలోనే తెలియనిది రోగంలో ఎలా తెలుస్తుంది అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు నాన్నగారు ఋజువున్న ఆ టైపు కాగితాలు అడిగి తీసుకున్నారు. బడినుంచి రాగానే అరుగు మీద కుర్చీ వేసుకుని వాటి ముందు కూర్చునేవారు. ఒక్కో వాక్యం చదివి, కింద గీత గీసి, పక్కన పెన్సిలుతో ప్రశ్న వేసుకునేవారు. అత్తయ్య అడిగిన ప్రశ్న ఆయనా అడిగారు. తర్వాత ఇంకేవేవో అడిగారు. తమ్ముడు ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పేవాడు. చూసేవాళ్లకి తండ్రీకొడుకులు సరదాగా లెక్కలు చేసుకుంటున్నట్టు ఉండేది. నాకు కొన్నాళ్లకి అర్థమైంది, ఆయన అందులో తప్పు వెతుకుతున్నారు. ముప్పై ఏళ్లు పిల్లల లెక్కల్లో తప్పులు పట్టిన మనిషి ఆయన. ఈ ఒక్కదాంట్లో తప్పు దొరికితే కొడుకు ఇంట్లో ఉంటాడు.

సెలవులు రాగానే మమ్మల్నిద్దర్నీ తీసుకుని దివిసీమకి, నాయనమ్మని చూడడానికి బయల్దేరారు. రేవు దగ్గర పడవ ఎక్కి పాయ దాటుతున్నాం. ఎండగా ఉంది, నీళ్లు తక్కువగా ఉన్నాయి, పడవవాడు గెడ వేస్తున్నాడు. నాన్నగారు నీళ్లకేసి చూస్తూనే, "చాలా వెతికానురా, తప్పు దొరకలేదు" అన్నారు. వాడివైపు తిరిగి, "నీ లెక్క నిన్ను వెళ్లమనడం లేదు, అది గుర్తుంచుకో. ఉండమని చెప్పడానికి నా దగ్గర మాట లేకుండా చేసింది, అంతే" అన్నారు. తమ్ముడు తల ఊపాడు. పడవ ఒడ్డు చేరింది. నాయనమ్మ సంగతంతా విని, బొంబాయిలో వాడు చేసే పనేమిటని అడిగింది. మిషనుకి మతిపోతే కనిపెట్టడం అని చెప్పాడు వాడు. నాలుగు మెతుకులు ఎక్కువ తినమని చెప్పి పంపింది.

వాడు బొంబాయిలో ఏడాది పైగా ఉన్నాడు. సంతోషంగా ఉన్నాడని అక్కయ్య ఇప్పటికీ చెబుతుంది, నేను నమ్ముతాను. యంత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు దాని ముందు నిలబడి, ఇంత చప్పుడు చేస్తుందనుకోలేదు అన్నాడట. అక్కడివాళ్లు వాణ్ణి బందరు మిషను అని పిలిచేవారట. చేత్తో నడపడంలో వాడంత నిదానంగా, తప్పు లేకుండా చేసేవాళ్లు అక్కడ లేరని బావగారు అన్నారు. అన్నాళ్లూ అది రాలేదు.

ఒక ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరబోయేముందు స్నానాల గదిలో అది వచ్చింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. అక్కయ్య బయట నిలబడి తలుపు కొడుతూ పిలుస్తూ ఉంది. కాసేపటికి లోపల చప్పుడు, ప్రతిసారీ ఆగినట్టే, ఆగింది. పక్కింటివాళ్లు వచ్చి తలుపు విరగ్గొట్టేసరికి వాడు నీళ్లలో బోర్లాపడి ఉన్నాడు, ప్రాణం లేదు. వాణ్ణి బొంబాయిలోనే పాతిపెట్టారు. ఇక్కడినుంచి వెళ్లేంత వ్యవధి లేదు, మాకు టెలిగ్రాం వచ్చేటప్పటికే అంతా అయిపోయింది.

అమ్మ నాన్నగారిని ఒక్క మాట అనలేదు. తాళాల గుత్తి నడుమునుంచి తీసి గూట్లో పెట్టింది. ఆ సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నాం. నాన్నగారు రోజూ చెప్పే మాటలే మొదలుపెట్టి, ఇంతవరకు అన్న దగ్గర ఆగిపోయారు. మేం కళ్లు మూసుకుని ఉన్నాం. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఆయన ఆపినచోటినుంచి అమ్మ అందుకుని ప్రార్థన పూర్తిచేసింది.

పంపకుండా ఉంటే బతికేవాడా అన్న ప్రశ్న మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఏదో ఒక రకంగా వేశారు. నాన్నగారు ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ ఋజువులో ఆయన మళ్లీ తప్పు వెతకలేదు. చాలా ఏళ్ల తర్వాత, మేం ఇద్దరమే ఉన్నప్పుడు, లెక్క సరైనదేనమ్మా అని మాత్రం అన్నారు. నేను కాదనలేదు. మా బందరు ఇంట్లో మాత్రం స్నానాల గదికి గడియ ఉండేది కాదని, వాడు హైస్కూల్లో ఉండగానే అమ్మ పీకించేసిందని, నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుండే ఉంటుంది.

నేను ఉద్యోగం విరమించేముందు ఈ విషయం పాఠాల్లోకి వచ్చింది. కంప్యూటర్లు నేర్చుకునే పిల్లలకి చెప్పాలి. మావయ్యనీ ముంజలనీ పెట్టి చెప్పేదాన్ని, పిల్లలు నవ్వేవారు, బాగా అర్థమయ్యేది. తక్కినది చెప్పలేదు. చెబితే ఋజువు మరిచిపోయి అదే గుర్తుపెట్టుకుంటారు. ఇప్పుడు యంత్రాలు చవకైపోయాయి, తిరుగుతూ ఉండిపోతే ఆపి మళ్లీ మొదలుపెడతారు. మంచిదే. వాడు చూస్తే సంతోషించేవాడు.

ఇంకొక్కటి చెప్పాలి. బందరులో మా చర్చికి ఒక ఆచారం ఉండేది. సంఘంలో ఎవరైనా పోతే, పోయినవాళ్లకి ఎన్నేళ్లుంటే అన్నిసార్లు గంట కొట్టేవారు, దెబ్బకీ దెబ్బకీ మధ్య చాలా ఎడమిచ్చి. విన్నవాళ్లు చేతిలో పని ఆపి లెక్కపెట్టుకునేవారు. లెక్క పెద్దదైతే ఫలానా పెద్దాయనై ఉంటాడని అనుకుని తిరిగి పనిలో పడేవారు. తమ్ముడి కబురు వచ్చినప్పుడు, శవం లేకుండా గంట కొట్టవచ్చునో లేదోనని గంట కొట్టే తాత సందేహించాడు. నాన్నగారు వెళ్లి పాస్టరుగారిని అడిగి ఒప్పించి వచ్చారు. వచ్చి అరుగు మీద నిలబడ్డారు, పక్కన నేను నిలబడ్డాను. గంట మొదలైంది. ఎదురింటి పెద్దామె బియ్యం ఏరుతున్న చేట ఒళ్లో పెట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. రోడ్డు మీద ఒకాయన సైకిలు దిగి నిలబడ్డాడు. ఇరవై మూడు దగ్గర గంట ఆగింది. ఆమె వేలు మడిచే ఉంచి, ఇంకా కొడతారని చర్చి వైపు చూస్తూ ఉంది. సైకిలాయన కూడా హ్యాండిలు పట్టుకుని అలాగే ఉన్నాడు. తాత అలసిపోయి ఆగాడేమోనని అనుకుని ఉంటారు. చాలాసేపటికి ఆయన మా అరుగు వైపు చూసి, టోపీ తీసి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా చర్చిలో చావుకి గంట కొట్టడం లేదు.